బైబిలు పక్కన పట్టేంత స్పీకరు

చెవులిచ్చిన దేవునికి స్తోత్రం. ఆ చెవులు మెల్లగా మూతపడే వేళ కూడా మనిషిని తన మందిరంలోంచి బయటికి పోనివ్వని దేవునికి మరింత స్తోత్రం. ఏ సంగతి మొదలుపెట్టినా ముందు ఆయన్ని తలుచుకోవాలని మా అమ్మ నేర్పింది. ఇప్పుడు చెప్పబోయేది హోమ్ థియేటర్ సంగతే అయినా ఆ వరస తప్పను. (హోమ్ థియేటర్‌కీ స్తోత్రానికీ ఏం సంబంధమని నవ్వుకునేవాళ్ళు కాస్త ఓపికపట్టండి. మా బావ కూడా మొదట అలాగే నవ్వాడు.)

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, టీవీలకి ఇంకా వీపు ఉండేది. ఆ వీపు మీద ప్రతి ఇంట్లోనూ ఒక గుడ్డ, గుడ్డ మీద ఏదో ఒక బొమ్మో ఫోటోనో ఉండేవి. అప్పుడే మా వైపు ఒక కొత్త పిచ్చి మొదలైంది. ముందు స్పీకర్లు, మధ్యలో ఒకటి, వెనక రెండు, మూలన నేల అదరగొట్టే గుమ్మటంలాంటి పెట్టె ఒకటి. సినిమాలో హెలికాప్టరు వస్తే మన నెత్తి మీదుగా పోయినట్టుంటుందని చూసొచ్చినవాళ్ళు చేతులు తిప్పి మరీ చెప్పేవారు. నేను అప్పుడు గుంటూరు దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాని. పెళ్ళి కాలేదు, మీసం సరిగా కుదరలేదు, చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఘాటు పోయేది కాదు. బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు తుమ్మి, నావైపు అనుమానంగా చూసి, లేచి వెళ్ళిపోయేవారు. అలాంటి జీవితంలో ఒక హెలికాప్టరు నెత్తి మీదుగా పోతే ఎంత బాగుండునో అని నాకు గట్టిగా అనిపించేది. ప్రభువు ఎరుగును.

కానీ ఆ కోరికకి అసలైన కారణం దొరికింది మాత్రం మా నాన్న వల్ల. నాన్న పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. మిషన్ల మధ్య అన్నేళ్ళు నిలబడ్డ మనిషి ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద దూదీ, చెవుల్లో హోరూ ఉండేవి. దూదిని అమ్మ దులిపేది. హోరు మాత్రం ఆయనతోనే ఉండిపోయింది. మిల్లులో మాట్లాడాలంటే అరవాలి గనక నాన్న ఎక్కడైనా అరిచే మాట్లాడేవాడు. మా నల్లపాడు మందిరంలో ఆయన సంఘ పెద్ద. వేదిక పక్కన పెద్దల కుర్చీల్లో మొదటిది ఆయనది. పాస్టరు అయ్యగారు ప్రసంగంలో ఒక మాట గట్టిగా చెప్పి ఆగారంటే, ఆ ఆగడం నాన్న కోసమే. నాన్న గుండెల నిండా గాలి పీల్చి "ఆమెన్!" అంటే కిటికీ రెక్కలు కదిలేవి, పాలు తాగే పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు, ఆ తర్వాతే మిగతా సంఘం "ఆమెన్" అనేది. బయటి ఊళ్ళనుంచి వచ్చిన బోధకులు కూడా "ఆ పెద్దాయన్ని ముందు కూర్చోబెట్టండి, వాక్యం బాగా సాగుతుంది" అనేవారు.

నాన్నకి మాటలు వినిపించడం తగ్గిపోయిందని మాకెవరికీ తెలియదు. ఆయన చెప్పడు. అయ్యగారి కుడిచెయ్యి పైకి లేచి ఆగిందంటే ఆమెన్ అనాలి, అంతే ఆయన లెక్క. ఆ లెక్క ఏళ్ళ తరబడి తప్పలేదు. ఒక ఆదివారం తప్పింది. ఆరోజు ప్రకటనల వేళ అయ్యగారు "మన కోశాధికారి గారు స్కూటరు మీద నుంచి పడ్డారు. కాలు విరిగింది. చాలా బాధపడుతున్నారు" అని చెప్పి, చెమట తుడుచుకోవడానికి జేబురుమాలుతో కుడిచెయ్యి పైకెత్తి ఆగారు.

"ఆమెన్! హల్లెలూయ!" అన్నాడు నాన్న.

ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో ముక్కులోంచి నవ్వారు, ఇక అది ఆగలేదు. అసలు బాధేమిటంటే, అంతకు ముందు వారమే మందిరం గోడలకి తెల్లసున్నం వేయాలా, లేత ఆకుపచ్చ రంగు వేయాలా అని నాన్నకీ కోశాధికారి గారికీ కమిటీలో పెద్ద మాటల యుద్ధం జరిగింది. అందుకని నాన్న హల్లెలూయ మరీ బాగా అతికింది.

ఇంటికొచ్చాక అమ్మ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి "కాలు విరిగిందండీ ఆయనకి! మీరు స్తోత్రం చెప్పారు!" అని అరిచింది. నాన్నకన్నా ముందు వీధి మొత్తానికి వినిపించింది. నాన్న చొక్కా విప్పి మేకుకి తగిలించి, నవారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారం మోకాళ్ళు నొప్పన్నాడు. ఆ పైవారమూ అంతే. అయ్యగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తే మోకాళ్ళ కోసమే చేయించుకున్నాడు. (ప్రార్థన ఫలించింది. మిగతా ఆరు రోజులూ ఆయన మోకాళ్ళు దివ్యంగా ఉండేవి. ఆదివారం పొద్దున్నే మళ్ళీ పట్టుకునేవి.) మిషను పెట్టుకోమంటే, "చెవికి మిషనా? మిల్లులో చూసిన మిషన్లు చాలవా?" అని కసిరేవాడు. మందిరం లేకపోతే మా నాన్న ఎవరు? ఒక ఆదివారం నాన్న లేకుండా ప్రసంగం విని వస్తే, ఉప్పు మరిచిపోయిన పప్పులా ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరో వదిలేసిన పత్రికలో చదివాను. ఈ కొత్త సెట్లలో మధ్య స్పీకరు ఉంటుందట, దానికి సెంటర్ స్పీకరని పేరట. మిగతా మోతంతా పక్కలకి తోసేసి మనిషి మాటని మాత్రం అది విడిగా, తేటగా పలుకుతుందట. నాకు దైవదర్శనం అయినంత పనైంది. మందిరంలో నాన్నని చెడగొట్టింది ఆ గరాటు మైకుల ప్రతిధ్వనే. ఇంట్లో మాటని విడదీసి వినిపిస్తే ఆయనకి ప్రసంగం అందుతుంది, ధైర్యం వస్తుంది, మళ్ళీ మందిరానికొస్తాడు. మధ్యమధ్య హెలికాప్టరు కూడా వస్తే అది ప్రభువు దయ.

అమ్మ దగ్గర పెట్టాను ఈ సంగతి.

"నాన్న కోసమేనా?" అంది అమ్మ.

"నాన్న కోసమే."

"ఒట్టేసి చెప్పొద్దు, నిజం చెప్పు."

"ముప్పాతిక నాన్న కోసం."

"సరే. టీవీ మీంచి బైబిలు మాత్రం కదలకూడదు. కదిలిందో, నీ డబ్బాలు వీధిలో ఉంటాయి."

ఇక్కడ మా ఇంటి కట్టుబాటొకటి చెప్పాలి. అమ్మ వాళ్ళ నాన్న చదివిన పెద్దక్షరాల బైబిలు మా ఇంట్లో ఉంది. అట్ట చెక్కలా మందం, ఒళ్ళో పెట్టుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కేంత బరువు. అది టీవీ మీద, అమ్మ క్రోషియాతో అల్లిన తెల్లగుడ్డ మీద ఉంటుంది. దాని మీద ఏదీ పెట్టకూడదు. ఆఖరికి కళ్ళజోడు కూడా.

"పోనీ స్పీకరు మీద బైబిలు పెడదామా అమ్మా?"

"సినిమా పాటలు పాడే పెట్టె మీదా?"

"ఇప్పుడు టీవీ మీదేగా ఉంది?"

"గుడ్డ కప్పాక అది టీవీ కాదురా, బల్ల."

టీవీ కింద అరలో ప్లేయరూ, అమ్మ కుట్టుసామానూ నిండుగా ఉన్నాయి. కాబట్టి మధ్య స్పీకరు టీవీ మీదే, ఆ గుడ్డ మీదే, బైబిలు పక్కనే పట్టాలి. నేను టేపు తీస్తుంటే అమ్మ ఆపింది. "ఆ టేపు సాగిపోయింది, దాంతో కొలిచి కుట్టిన నీ చొక్కా చూడు ఎట్టా ఉందో. బైబిలే తీసుకెళ్ళు. గుడ్డ కూడా తీసుకెళ్ళు. పరిచి, పక్కన పెట్టి చూసుకో. దారిలో కింద మాత్రం పెట్టావో!"

అలా నేను ఒక శనివారం, చంకలో మా తాతగారి బైబిలూ జేబులో క్రోషియా గుడ్డా పెట్టుకుని హోమ్ థియేటర్ కొనడానికి గుంటూరు వెళ్ళాను. తోడు మా బావ వచ్చాడు. అక్క మొగుడు. అద్దంకిలో మైకుసెట్లు అద్దెకిస్తాడు. పెళ్ళయినా, కూటమైనా, ఎన్నికలైనా ఆ చుట్టుపక్కల ఎక్కడ చెవులు గింగురుమన్నా అది మా బావ చలవే. స్పీకరంటే ఇద్దరు మోయాలన్నది ఆయన సిద్ధాంతం.

షాపు గుమ్మంలో అడుగుపెట్టగానే యజమాని నా చంకలోకి చూసి, నొచ్చుకుంటూ చేతులు జోడించాడు. "చందాకా అండీ? పొద్దున్నే ఒకాయనొచ్చి తీసుకెళ్ళారండీ."

"చందాకి కాదండి, స్పీకర్లకి" అన్నాను.

ఆయన బైబిలు వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు. నేను గల్లా బల్ల మీద గుడ్డ పరిచి, మడతలు సరిచేసి, ఎడమవైపు బైబిలు పెట్టి, మిగిలిన జాగా చూపించాను. "ఇందులో పట్టే సెంటర్ స్పీకరు కావాలండి. మాట తేటగా ఉండాలి."

"నా సర్వీసులో ఇట్టాంటి కొలత చూడలేదండి" అన్నాడాయన, కానీ గౌరవంగానే అన్నాడు. చెప్పులు వదిలేసి వచ్చాడు కూడా.

మొదట తెచ్చింది పెట్టగానే గుడ్డ దాటి జానెడు బయటికి పోయింది. బావ మాత్రం దాన్ని ప్రేమగా నిమిరాడు. "ఇదిరా బామ్మర్దీ స్పీకరంటే! హార్మోనియం పెట్టె అంత ఉంది. ఇది తీసుకో. బైబిలు బీరువాలో పెట్టు."

"ఆ మాట అమ్మ దగ్గర అను బావా."

బావ వెంటనే నిమరడం ఆపేశాడు. రెండోది గుడ్డ మీద పట్టింది. కానీ వినిపించమంటే ఆయన ఏదో సినిమా పోరాటం పెట్టాడు. నేను వెంట తెచ్చిన, వేలమంది చేరే ఉజ్జీవ కూటాల వీడియో సీడీ ఇచ్చి, ఇది పెట్టండి అన్నాను. షాపు నిండా ప్రసంగం మొదలైంది. మిక్సీ కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు తల మీదకి లాక్కుని వినడం మొదలుపెట్టారు. ఆ రెండో స్పీకరులో బోధకుడికి జలుబు చేసినట్టుంది, ప్రతి మాటా ముక్కులోంచే వస్తోంది. మూడోది ఇటుకరాయంత ఉంది. గుడ్డ మీద బైబిలు పక్కన పెడితే, రెండూ ఒకే ఇంట్లో పుట్టినట్టు కుదిరాయి. మాట చూస్తే, బోధకుడు ఎదురుగా కూర్చుని మంచినీళ్ళు తాగి మాట్లాడుతున్నంత తేటగా ఉంది.

"ఇదే" అన్నాను.

"ఇదా! ఇందులోంచి శబ్దం వచ్చుద్దా, దమ్ము వచ్చుద్దా?" అన్నాడు బావ. వెనక పెట్టే రెండు స్పీకర్లు తెచ్చేసరికి ఆయనకి ఓపిక పూర్తిగా నశించింది. అవి గుప్పిట్లో పట్టేంత ఉన్నాయి. "ఏందిరా ఇయ్యి, అగ్గిపెట్టెలు! గోడకి బిగించి పిచ్చుకల్ని పెంచుతావా?" నిజం చెప్పాలంటే ఆ వెనక స్పీకర్ల గురించి నేనూ పట్టించుకోలేదు. మాటంతా ముందే ఉంటే వెనక ఏముంటే ఏం? చిన్నవైతే గోడకి మేకులు తక్కువ పడతాయి, అమ్మ తక్కువ తిడుతుంది అని ఒప్పుకున్నాను.

సరుకు కట్టించాక యజమాని మెల్లగా దగ్గరికొచ్చాడు. "ఏమనుకోకపోతే ఒక మాటండి. ఎల్లుండి సోమవారం మా అమ్మాయికి లెక్కల పరీక్ష. ఎటూ పుస్తకం తెచ్చారు గదా…"

నేను నోరు తెరిచేలోపే బావ గొంతు సవరించుకున్నాడు. బావకి మైకు అక్కర్లేదు. కళ్ళు మూసుకుని ఆ పిల్ల కోసం, ఆమె లెక్కల కోసం, పేపరు దిద్దేవాళ్ళ మెత్తని మనసు కోసం, పనిలో పనిగా మిరపరేటు కోసం ఆయన ప్రార్థిస్తుంటే, బజారులో పోయేవాళ్ళు ఆగిపోయారు. షాపులో అందరం కళ్ళు మూసుకున్నాం. ప్లేయరులో మళ్ళీ ఆ సినిమా డిస్కు తిరుగుతోందని ఎవరికీ గుర్తులేదు. అందులో ఏదో మాటల్లేని సన్నివేశం నడుస్తున్నట్టుంది. బావ "ఆమెన్" అన్నాడు, మేము "ఆమెన్" అన్నాం, సరిగ్గా అప్పుడే మా వీపుల వెనకనుంచి ఫెళ్ళున ఉరిమింది.

మిక్సీ ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. యజమాని మోచేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడటం నేను కళ్ళారా చూశాను. అది షాపు గోడ మీది వెనక స్పీకర్లలోంచి వచ్చిన డిస్కులోని వానే అని తెలిశాక కూడా ఆయన తేరుకోలేదు. గోడకి బిగించే క్లాంపులు ఊరికే ఇచ్చి, ఆటోదాకా వచ్చి సాగనంపాడు. (ఆ పిల్ల లెక్కల్లో గట్టెక్కిందని తర్వాత తెలిసింది. ఆయన దాన్ని ప్రార్థన ఖాతాలో వేశాడో, ఉరుము ఖాతాలో వేశాడో నేను అడగలేదు.)

ఆదివారం మందిరం నుంచి వచ్చి, భోజనాలయ్యాక బిగింపు మొదలుపెట్టాం. నాన్న మంచం మీద కూర్చుని, మిల్లులో కొత్త మిషను దించుతున్నప్పటిలా పర్యవేక్షిస్తున్నాడు. టీవీ మీద గుడ్డ, గుడ్డ మీద బైబిలు, పక్కన ఇటుకరాయి. అమ్మ వేలితో రెండింటి మధ్య సందు చూసి "ఊఁ" అంది. అంటే పాసయ్యామన్నమాట. వెనక స్పీకర్లలో ఒకటి గోడకెక్కింది. రెండోదానికి మేకు దిగలేదు. ఆ గోడ పాత రాతిగోడ, బావ కొట్టిన ప్రతి మేకూ వంగి ఆయన్నే చూసింది. "తర్వాత చూద్దాంలే" అని ఆ అగ్గిపెట్టెని మంచం తలవైపు, నాన్న దిండు మీద పెట్టి వదిలేశాడు.

ఉజ్జీవ కూటాల సీడీ పెట్టాను. మధ్య స్పీకరులోంచి బోధకుడి మాట ముత్యంలా వచ్చింది. నేను నాన్న మొహం చూస్తున్నాను. నాన్న తెర మీది బోధకుడి నోరు చూస్తున్నాడు.

"వినపడుతోందా నాన్నా?"

"ఆయన పళ్ళు కట్టించుకున్నాడా?" అన్నాడు నాన్న. "మాట నములుతున్నాడు."

సెట్టు గొంతు పెంచాను. ఇంకా పెంచాను. అమ్మ కిటికీలు మూసింది. పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. నాన్న తల అడ్డంగా ఆడించాడు. "శబ్దం వస్తోందిరా. మాట రావట్లేదు" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. మిల్లు తీసుకుపోయింది మాట పెద్దదనాన్ని కాదు, తేటదనాన్ని. అది ఏ స్పీకరూ తిరిగి ఇవ్వలేదు. బైబిలు మోసుకెళ్ళి కొలిచి తెచ్చిన ఇటుకరాయి టీవీ మీద నిశ్చింతగా ప్రసంగిస్తోంది. నేను గొంతు తగ్గించి, నేల మీద చతికిలబడి, మిగిలిన వైరు ముక్కల్ని ఊరికే చుట్టుకుంటూ కూర్చున్నాను. బావ కూడా, పాపం, వెక్కిరించలేదు. "సెట్టు బాగానే ఉంది లేరా" అన్నాడు. బావ నోట ఆ మాట వచ్చిందంటే నా మొహం ఎలా ఉందో ఊహించుకోండి. నాన్న విసుగ్గా కాళ్ళు చాపుకుని, దిండు మీద తల వాల్చాడు.

"ఆమెన్!"

కిటికీ రెక్కలు కదిలాయి. నేను తిరిగి చూశాను. టీవీలో బోధకుడు చెయ్యి ఎత్తలేదు, కిందికి దించుకునే ఉన్నాడు. నాన్న చూపు టీవీ మీద లేనే లేదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇంకాసేపటికి కూటంలో జనం "ఆమెన్" అన్నారు, వెంటనే నాన్న "ఆమెన్!" అన్నాడు. మళ్ళీ. మళ్ళీ. ఒక్కటీ తప్పలేదు.

"స్వస్థత!" అని అరిచాడు బావ. అమ్మ వంటింట్లోంచి చేతిలో గరిటెతో వచ్చి అక్కడికక్కడే మోకాళ్ళ మీద కూలబడి ఏడుపు అందుకుంది. నాన్న కళ్ళు తెరిచి, "ఏందే, ఎవరికేమైంది?" అన్నాడు.

నేను వెళ్ళి ఆయన పక్కన దిండు మీద తలపెట్టి చూశాను. ఆ అగ్గిపెట్టె స్పీకరు నా చెవికి తగిలింది. అందులో బోధకుడు లేడు. ఒక్క మాట కూడా లేదు. ఉన్నదంతా జనమే. చప్పట్లు, దగ్గులు, ఎవరో చంటిపిల్లాడి ఏడుపు, చాపల మీద జరుగుతున్న చప్పుడు, ఆ అన్నిటి మీదా ఉండుండి వేల గొంతుల "ఆమెన్". మాటని విడదీసి ముందుకి పంపే ఆ సెట్టు, మిగిలిన గోలంతా వెనక్కి పంపుతుందని పత్రికలో ఉన్నా నేను ఆ వాక్యం సరిగా చదవలేదు.

బావ కూడా చెవి పెట్టి విని మొహం చిట్లించాడు. "ఇదేందిరా, మాటే రావట్లా. కనెక్షన్ తప్పు కొట్టాం. ఉండు మామా, మార్చేస్తా."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా!" అన్నాడు నాన్న. బావ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నాన్న ఆ స్పీకరుని అరచేత్తో కప్పి పట్టుకున్నాడు. "ఎవరో చంటోడు ఏడిచాడురా ఇందాక. వాళ్ళమ్మ బయటికి తీసుకుపోయినట్టుంది, ఆగిపోయింది. మన మందిరంలో కూడా అంతే గదా…" అని, మిల్లు గొంతు కాకుండా మామూలు గొంతుతో అన్నాడు: "వేదిక పక్కన కూర్చుంటే జనం వినపడరురా. అయ్యగారు కనపడతాడు, అంతే."

ఆ స్పీకరు గోడకెక్కలేదు. దిండు మీదే ఉండిపోయింది. సాయంత్రాలు నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని సీడీ మొత్తం, బోధకుడు లేకుండా, వింటుండేవాడు. నా హెలికాప్టరు మాత్రం పాపం, ఒకవైపు గోడ మీద బయల్దేరి రెండోవైపు నాన్న దిండు కింద దూరి మాయమయ్యేది.

కొద్దివారాలకి ఒక ఆదివారం పొద్దున నాన్న మోకాళ్ళ ఊసెత్తకుండా తెల్లపంచె కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. మందిరంలో అందరూ తలలు తిప్పి చూశారు. అయ్యగారు చిరునవ్వుతో పెద్దల కుర్చీ చూపించారు. నాన్న ఆయనకి వందనం చెప్పి, ఆ కుర్చీ దాటి, వెనక్కి వచ్చి, చివరి చాప మీద నలుగురు మగవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. పక్కవాడి మోచెయ్యి తగిలేంత దగ్గరగా.

ప్రకటనల వేళ అయ్యగారు లేచారు. "మన కోశాధికారి గారు కట్టు విప్పించుకుని ఇవాళ కర్ర లేకుండా నడిచి వచ్చారు" అని చెప్పి, చెమట తుడుచుకోవడానికి కుడిచెయ్యి ఎత్తారు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ముందూ వెనకా పక్కలా సంఘమంతా "ఆమెన్" అంది. ఆ ఆమెన్ ఇంకా గోడలకి తగలకముందే, వెనకనుంచి ఉరుములా వచ్చింది:

"ఆమెన్! హల్లెలూయ!"

కోశాధికారి గారు ముందువరసలోంచి తిరిగి చూశారు. "ఈసారి తీసుకుంటానండీ మీ హల్లెలూయ!" అన్నారు. మందిరమంతా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో నాన్నకి తెలియదు. కానీ పక్కవాళ్ళు నవ్వుతున్నారు గనక ఆయనా నవ్వాడు, అందరికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా, అందరికన్నా గట్టిగా. అప్పటినుంచి ప్రభువు పిలిచేదాకా ఆయన ఆ వెనక చాప వదల్లేదు. ఆయన ఆమెన్ ఎప్పుడూ సంఘం ఆమెన్‌కి ఒక్క అడుగు వెనకే ఉండేది. మందిరం గోడలు మాత్రం చివరికి లేత ఆకుపచ్చే అయ్యాయి.

ఇప్పుడు టీవీలకి వీపు లేదు. వాటి మీద గుడ్డ ఆగదు, బైబిలు అసలే ఆగదు. అమ్మ బైబిలుకి గుడ్డతో సహా వేరే బల్ల వచ్చింది. ఎప్పుడో మూగబోయిన ఇటుకరాయి మాత్రం అలవాటు కొద్దీ ఇంకా దాని పక్కనే కూర్చుని ఉంది. పక్కన పట్టే స్పీకరు కోసం బైబిలు చంకనేసుకుని గుంటూరు బజారుకి వెళ్ళిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. మాటే ముఖ్యం, వెనక ఏముంటే ఏం అనుకున్నాడు పాపం. ఈ మధ్య మా ఆవిడ, "మందిరంలో మీరు ఆమెన్ కాస్త ఆలస్యంగా అంటున్నారండీ" అంది. లేదే అన్నాను. కానీ కిందటి ఆదివారం, ఎవరూ చెప్పకుండానే, కుర్చీల వరస వదిలి వెళ్ళి వెనక కూర్చున్నాను. బాగుంది అక్కడ. ఎవరిదో చంటిపిల్ల ఏడుస్తోంది.

చదివిన మీరు నాతో కలిసి ఒక్కసారి తల వంచండి. మాటలు అందకపోయినా పక్కవాడి గొంతు పట్టుకుని నడిచే పెద్దలందరినీ, వాళ్ళ పక్కన చోటు ఇచ్చే మోచేతులనీ దేవుడు దీవించాలని అడుగుదాం. మీరు ముందు ఆమెన్ అనండి. నేను మీ వెనకే అందుకుంటాను.